అడ్మిరల్‌గారి వియ్యంకుడు

మార్చి 11

బావగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. పెళ్ళై పన్నెండు రోజులైనా మా ఇంట్లో కుర్చీలు ఇంకా వాటి వాటి చోట్లకి చేరలేదు. పిల్లలు వీధి చివర మేడమీద వాటాలో దిగారు. రెండిళ్ళలో రెండు పొయ్యిలెందుకని మా ఆవిడ రోజూ సాయంత్రం భోజనానికి ఇక్కడికే రమ్మంటోంది. మీ అమ్మాయి మందుల షాపులో మళ్ళీ పనికి వెళ్తోంది. మావాడు ఎప్పటిలాగే ఊళ్ళోవాళ్ళకి పళ్ళసెట్లు చేసిపెడుతున్నాడు. కోడలు వచ్చిన దగ్గర్నుంచీ వాడు తినేటప్పుడు పళ్ళ అచ్చుల గురించి మాట్లాడడం మానేశాడు. మీ కుటుంబం మాకు చేసిన మొదటి ఉపకారం ఇది.

అసలు సంగతికి వస్తాను. ఆ రోజు ఫోటోగ్రాఫరు మనిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి "కాస్త సరిగ్గా నిలబడండి" అనగానే ఇద్దరం ఒకేసారి మడమలు కలిపి ఛాతీ విరిచాం కదా. ఆ ఫోటో వచ్చింది. పిల్లల పెళ్ళికి ఇద్దరు కాపలావాళ్ళని పెట్టినట్టుందని మా ఆవిడ అంటోంది. రెండేళ్ళ నిర్బంధ సైనిక సేవ మీరూ నేనూ ఒకే ఊళ్ళో, అవే సంవత్సరాల్లో చేశామని అప్పుడు కదా బయటపడింది. ఇంకో రెండు మాటలు అనుకునేలోపు ఎవరో మిమ్మల్ని లాక్కుపోయారు. నలభయ్యొక్క ఏళ్ళుగా ఆ ఊరి గురించి మాట్లాడ్డానికి మనిషి దొరక్క మొహం వాచి ఉన్నాను. ఇంట్లో ఆ ఊసెత్తితే ఒక్కొక్కళ్ళే లేచి గిన్నెలు సర్దడం మొదలుపెడతారు.

బావగారూ, ఆ సముద్రం, ఆ గాలి! నేను దండు ఆఫీసులో గుమాస్తాని. గుమాస్తా అని పేరేగానీ మేజరుగారు నన్నడక్కుండా పెన్ను మూత తీసేవారు కాదు. నా బల్ల పక్కనే కిటికీ. కిటికీ నిండా సముద్రం. ఎదురుగా రొట్టెల దుకాణం. పొద్దున్నే పొయ్యి తలుపు తీస్తే ఆ వాసనకి శత్రువైనా లొంగిపోవాల్సిందే. ఆ రెండేళ్ళలో నాకు ఒక్కసారైనా జలుబు చెయ్యలేదు. అంత ఆరోగ్యమైన ఊరు మళ్ళీ నేను చూళ్ళేదు.

మీరు ఎక్కడ ఉండేవారు, ఏం చేసేవారు? వివరంగా రాయండి. మీ ఉత్తరాలు భోజనాల దగ్గర పిల్లలకి చదివి వినిపిస్తాను.

అన్నట్టు, ఆ హడావిడిలో మీ గొడుగు నాతో వచ్చేసింది. నల్లది, పిడి మీద కుక్క తల ఉంది. భద్రంగా ఉంచాను.

చెల్లెమ్మగారికి నమస్కారాలు చెప్పండి.

మీ బావ

*

మార్చి 20

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం పదిహేడున, మధ్యాహ్నం బట్వాడాలో అందింది. తపాలా ఆఫీసులో ముప్పై మూడేళ్ళు పార్సిళ్ళు తూచినవాణ్ణి కాబట్టి ఇది రాయకుండా ఉండలేను: మీరు కవరుకి ఒక బిళ్ళ ఎక్కువ అంటించారు. అంత బరువు లేదు.

మీ ఉత్తరం చదివి ఆ రోజంతా నేను ఇంట్లో లేను. అంటే శరీరం ఇక్కడే ఉంది. మనసు ఆ ఊళ్ళో ఉంది. నేను కొండకొమ్ము మీది కాపలా గదిలో పనిచేశాను. రెండువందల పన్నెండు మెట్లు. పైన ఒక దూరదర్శిని, ఒక టెలిఫోను, ఒక స్టూలు. చుట్టూ మూడువైపులా నీళ్ళే. ఆ నీలం మళ్ళీ ఎక్కడా కనపడలేదు. కొంగలు నా భుజం ఎత్తులో ఎగురుతూ వెళ్ళేవి. ఆ స్టూలు మీద కూర్చుంటే, బావగారూ, దేశం మొత్తం నిశ్చింతగా నిద్రపోతోందంటే అది నా వల్లేనని అనిపించేది. ఇరవై ఏళ్ళవాడికి అంతకంటే ఏం కావాలి?

నాకక్కడ ఒక గుర్తింపు కూడా దక్కింది. దండు మొత్తం వరసగా నిలబడి చూస్తుండగా మెడలో వేశారు. మా అమ్మాయికి చిన్నప్పుడు ఆ కథ చెప్తేగానీ ముద్ద దిగేది కాదు. నా గురించి నేను చెప్పుకోవడం బాగుండదు, ఇంతటితో వదిలేస్తాను.

గొడుగు నాది కాదు. నా గొడుగు తలుపు వెనక వేలాడుతోంది. ఇప్పుడే లేచి చూసి వచ్చాను.

చెల్లెమ్మకి నా నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు.

మీ బావ

*

ఏప్రిల్ 2

బావగారికి,

మీ ఉత్తరం భోజనాల దగ్గర చదివాను. కొంగలు భుజం ఎత్తులో ఎగిరే దగ్గర మావాడు చెంచా కింద పెట్టేశాడు. వాడు అంత శ్రద్ధగా విన్నది ఈ మధ్య ఏదీ లేదు. మీ అమ్మాయి "మా నాన్న ఇంకా చాలా దాస్తారు" అంది. మీకు మెడల్ వచ్చిందని నాకు ముందే తెలిసి ఉంటే పెళ్ళిలో మిమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టేవాణ్ణి.

మీరు కొండమీద ఉన్నారంటే మీకు అడ్మిరల్ తెలిసే ఉంటాడు. తెలియకపోతే మీ సర్వీసు సగం వృథా. ఈ కథ నేను ఇంట్లో చెప్పను. ఒకసారి మా ఆవిడకి చెప్తే "పాపం ఆ అబ్బాయి తల్లికి తెలిస్తే ఎంత ఏడ్చేదో" అని నా నవ్వంతా చల్లార్చేసింది. మిలిటరీ మనిషి కాబట్టి మీకు చెప్తున్నాను.

అది రెండో ఏడు, ఒక పొద్దున. సముద్రం మీద పొగమంచు. కొండమీద కాపలాలో ఉన్న ఒక మహానుభావుడు ఫోను చేసి, శత్రువుల యుద్ధనౌక వస్తోంది, రేవుకి రెండు మైళ్ళ దూరంలో ఉంది అన్నాడు. మేజరుగారు గడ్డం సగం గీసుకుని ఉన్నారు. ఆ సగం గడ్డంతోనే సైరన్ మోగించమన్నారు. ఊరు ఊరంతా పరుపులు నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. దండులో ఉన్న ఒకే ఒక్క ఫిరంగికి ఏటా తెల్లరంగు వెయ్యడమేగానీ అది పేలుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఆ రోజు తెలిసింది. పేలింది. గుండు వెళ్ళి నీళ్ళలోకి కట్టిన చెక్క వంతెన చివర ఉన్న ఆఫీసర్ల స్నానాల గదిని లేపేసింది. అందులో ఎవరూ లేరుగానీ మేజరుగారి ఈత నిక్కరు ఉంది. తర్వాత అది దొరకలేదు.

మంచు విడిపోయాక చూస్తే యుద్ధనౌక కాదు. మన దండుకే బంగాళాదుంపలూ సబ్బులూ తెస్తున్న పడవ. పడవవాళ్ళు ఫిరంగి మోత విని నీళ్ళలో దూకి ఈదుకొచ్చారు. పడవ రాయికి కొట్టుకుంది. పదిరోజులపాటు అలలు బంగాళాదుంపలు ఒడ్డుకి దొర్లిస్తూనే ఉన్నాయి.

ఆ కాపలావాడికి అడ్మిరల్ అని పేరు పెట్టాం. పద్నాలుగు రోజులు కొట్లో వేశారు. బయటికి వచ్చిన రోజు పరేడులో నిలబెట్టి, ఇరవై బంగాళాదుంపలు గుచ్చిన దండ మెడలో వేశాం. మేజరుగారు కూడా మూతి బిగించి నవ్వు ఆపుకోవడం నేను చూశాను. వాడు ఆ దండతో కదలకుండా సెల్యూట్ చేసి నిలబడ్డాడు. వాడి మొహం ఇప్పుడు గుర్తు లేదుగానీ ఆ సెల్యూట్ తలుచుకుంటే ఇప్పటికీ పొట్ట చెక్కలవుతుంది.

మీ జ్ఞాపకంలో ఇంకా ఏమైనా ఉంటే చేర్చి రాయండి.

మీ బావ

*

ఏప్రిల్ 15

బావగారికి,

ఉత్తరం అందింది. ఇక్కడ వారంగా వాన. నా మోకాలు బాగాలేదు.

మీరు చెప్పిన మనిషి నాకు తెలుసు. మంచు అంటే ఏమిటో ఆఫీసు కిటికీలోంచి చూసినవాళ్ళకి తెలియదు. పడవ సాయంత్రం వస్తుందని కొండమీద రాసిపెట్టి ఉంది. పొద్దున వస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ దండ గుచ్చింది మీ ఆఫీసులోని ఒక గుమాస్తా అని అందరికీ తెలుసు. ప్యాంటు మడత చెయ్యి తెగేలా ఉండేదని అతన్ని ఇస్త్రీబాబు అనేవారు. గోనెసంచులు కుట్టే సూదితో గుచ్చాడట. మీకు తెలిసే ఉంటాడు. అతను ఇప్పుడెక్కడ ఉన్నాడు? ఎదురుపడితే నా నోటంట మంచిమాట రాదు.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఇట్లు
మీ బావ

*

మే 3

బావగారికి,

మీ ఉత్తరం ఇంత పొట్టిగా వచ్చేసరికి మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మా ఆవిడ తేల్చిందేమిటంటే, గొడుగు మీదే. అల్లుడి తరఫువాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని మీరు మర్యాదకి కాదన్నారు. తీరా మేం దాన్ని ఉంచేసుకుంటే మీకు కష్టం వేసింది. బావగారూ, ఇందులో ఏముంది, అడగొచ్చు కదా. నిన్ననే పార్సిలు చేశాను. సరిపడా బిళ్ళలే అంటించాను.

ఇస్త్రీబాబు గురించి అడిగారు. తెలుసు. బాగానే తెలుసు. పాపం, పోయాడు. ఎప్పుడో పోయాడు. మనిషి చెడ్డవాడు కాదు. పోయినవాళ్ళ మీద కోపం ఎందుకు, వదిలెయ్యండి.

ఇప్పుడు అసలు ఉపద్రవం. కూర్చుని చదవండి. పిల్లలిద్దరూ ఆ ఊరు వెళ్ళి కాపురం పెడతారట. మన ఆ ఊరే. మీ కొంగలూ నా గాలీ కలిసి ఈ పని చేశాయి. మావాడు తను పనిచేసే చోట నెల ముందు చెప్పాల్సిన మాట చెప్పేశాడు. అక్కడ పళ్ళ డాక్టరు ఒక్కడే ఉన్నాడట, సెట్లు చేసేవాళ్ళు లేరట. మీ అమ్మాయి అక్కడి మందుల షాపుకి దరఖాస్తు పంపితే తిరుగుటపాలో రమ్మన్నారు. తిరుగుటపాలో రమ్మన్నారంటేనే తెలియడం లేదా, అక్కడికి ఇంకెవరూ వెళ్ళరని?

మీ దగ్గర దాపరికం ఎందుకు. నాకు అక్కడ జలుబు చెయ్యలేదన్నాను. నిజమే. అది జలుబు కాదు, రెండేళ్ళపాటు దగ్గు. దుప్పట్లు పిండితే నీళ్ళు వచ్చేవి. ఇస్త్రీ పెట్టె రోజూ ఎందుకు వేడిచేసేవాళ్ళమంటే బట్టలు ఆరడానికి వేరే మార్గం లేక. చేపల పిండి మర మీదినుంచి గాలి తిరిగిందంటే అన్నం దగ్గర కూర్చోలేం. ఈ మాటలు నా నోటితో పిల్లలకి ఎలా చెప్పను? నలభై ఏళ్ళు పొగిడినవాణ్ణి.

మీరు తండ్రి. మీ మాట ఆ అమ్మాయి వింటుంది. ఆ ఊరు ఆరోగ్యానికి మంచిది కాదని ఒక్క ముక్క రాయండి.

మీ బావ

*

మే 19

బావగారికి,

నమస్కారాలు. ఇస్త్రీబాబు పోయాడని చదివి విచారించడానికి ప్రయత్నం చేశాను. రెండు పూటలు ప్రయత్నించాను. రాలేదు. అయినా పోయినవాడి మీద పగ పెట్టుకోవడం నీచమని మా ఆవిడ అంటే సరేననుకున్నాను. మనసు కాస్త తేలికపడింది. మోకాలు కూడా తగ్గింది.

గొడుగు వచ్చింది. అది నాది కాదు. మా ఆవిడ దాన్ని వేసుకుని బజారుకి వెళ్తే గాలికి తిరగబడి మూడు పుల్లలు విరిగాయి. ఇక దాన్ని తిరిగి పంపడానికి కూడా లేదు. దాని అసలు యజమాని ఎవరో మీ తరఫు బంధువుల్లో వెతకండి.

పిల్లల విషయం. మా అమ్మాయి నాకూ రాసింది, నాలుగు పేజీలు. "నాన్నా, నువ్వు చెప్పిన మెట్లు ఎక్కుతాను, నువ్వు కూర్చున్న చోట కూర్చుంటాను" అని రాసింది. దీనికి నేను ఏమని జవాబివ్వను? అది నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు జ్వరం వస్తే, మందు మింగించడానికి ఆ ఊరినే వాడుకున్నాను. పరీక్ష తప్పినప్పుడు ఏడుపు మాన్పించడానికీ ఆ ఊరే. ఇప్పుడు లేచి, అమ్మా, ఆ గదికి తలుపు లేదు, మొదటి శీతాకాలమే గాలికి సముద్రంలో పడింది, నా కొంగలు నా టోపీలో రెట్టలు వేసేవి అని రాస్తే, మిగతా కథల సంగతేమిటని అడుగుతుంది. అడిగితే నేను ఆగలేను. అన్నీ చెప్పాల్సి వస్తుంది.

కాబట్టి మీరే చెప్పండి. మీ దగ్గు గురించి చెప్పండి. మగపిల్లవాడు, తండ్రి అబద్ధం చెప్పాడని తెలిస్తే ఓ వారం మూతి ముడుచుకుని మానేస్తాడు. ఆడపిల్ల అలా కాదు.

మీ బావ

*

జూన్ 8

బావగారికి,

పిల్లలు మొన్న వెళ్ళిపోయారు. నా దగ్గు గురించి చెప్పాను. "అప్పట్లో మందులు లేవు మామయ్యా, ఇప్పుడు నేనున్నాగా" అంది మీ అమ్మాయి.

వెళ్ళే ముందు రోజు భోజనాల దగ్గర మీ మాట వచ్చింది. మీ ఆరోగ్యం గురించి మా ఆవిడ ఏదో అడిగితే అమ్మాయి నవ్వుతూ చెప్పింది: "మా నాన్నకేం, అడ్మిరల్. మిలిటరీలో అందరూ అలాగే పిలిచేవాళ్ళు. ఎంత జాగ్రత్తగా కాపలా కాసేవారంటే ఆ పేరు పెట్టి మెడల్ వేశారు."

నేను సూప్ తాగుతున్నాను. అది ఎటు వెళ్ళకూడదో అటు వెళ్ళింది. మావాడు వీపు మీద బాదాడు. ఊపిరి ఆడాక సూప్ వేడిగా ఉందన్నాను. మా ఆవిడ మాత్రం నా మొహంలోకి చూసి, పిల్లలు వెళ్ళాక, "ఆ అబ్బాయేనా?" అంది. అవునన్నాను. "ఉత్తరం రాయి" అంది. రెండు రోజులు పట్టింది.

బావగారూ, ఇస్త్రీబాబు చావలేదు. వాడే ఈ ఉత్తరం రాస్తున్నాడు.

దండ గుచ్చినందుకు క్షమించమంటే సరిపోదు. అసలు సంగతి వేరే ఉంది. అది మా ఆవిడకి కూడా ఇవాళే చెప్పాను.

ఆ రోజు పొద్దున ఎనిమిదీ పదికి రేవు నుంచి నాకు ఫోను వచ్చింది. పడవ సాయంత్రం కాదు, అలల పోటు బాగుంది కాబట్టి తొమ్మిదికే వస్తోంది, కొండమీదికి చెప్పు అన్నారు. చీటీ మీద రాసుకున్నాను. కొండ లైను దొరకాలంటే పావుగంట ఫోను పిడి తిప్పాలి, మీకు తెలుసు. ఎదురుగా రొట్టెల దుకాణంలో పొయ్యి తలుపు అప్పుడే తీశారు. రొట్టె తిని వచ్చి తిప్పుదామని చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళాను. వెన్న రాసిన రెండో ముక్క చేతిలో ఉండగా సైరన్ మోగింది. డ్రిల్లనుకున్నాను. మూడో ముక్క తీసుకున్నాను. అప్పుడు ఫిరంగి పేలింది.

పరుగెత్తుకుని వచ్చేసరికి మేజరుగారు నా బల్ల దగ్గరే నిలబడి ఉన్నారు. "రేవు నుంచి ఏమైనా కబురు వచ్చిందా?" అని అడిగారు. నేను "రాలేదు సార్" అన్నాను. రెండు మాటలు. ఆయన అటు తిరగ్గానే చీటీ నోట్లో పెట్టుకుని రొట్టెతోపాటు మింగాను.

మీరు కొట్లో ఉన్న పద్నాలుగు రోజులూ ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. దండ ఆలోచన నాదే. అందరికంటే గట్టిగా నవ్వింది కూడా నేనే. నవ్వకపోతే నా మొహం ఎవరైనా చూస్తారని భయం. అలా నవ్వీ నవ్వీ కొన్నేళ్ళకి అది నిజంగానే నవ్వొచ్చే కథ అయిపోయింది. ఏప్రిల్లో మీకు రాసినప్పుడు నాకు చీటీ సంగతి గుర్తు కూడా లేదు. అదే నాకు ఇప్పుడు అన్నిటికంటే సిగ్గుగా ఉంది.

మీరేం రాసినా పడతాను.

మీ బావ

*

జూలై 24

బావగారికి,

ఆరువారాలైంది. మీ దగ్గర్నుంచి అక్షరం లేదు. తపాలావాడు మా వీధిలోకి వస్తే మా ఆవిడ నాకంటే ముందు గుమ్మంలోకి వెళ్తోంది. మీరు రాయకపోయినా మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది కాబట్టి రాస్తున్నాను.

పిల్లలు అక్కడ కుదురుకున్నారు. వాటా తలుపు తేమకి ఉబ్బి మూసుకోవడం లేదట. మావాడి పళ్ళ అచ్చులు ఆరడానికి రెండింతలు సమయం పడుతోందట. అయితే ఆ ఊళ్ళో ఒక్కరికీ సరైన పళ్ళు లేవు, నా పంట పండింది అని రాశాడు.

సంగతి ఇది. ఆ ఊళ్ళో ఇప్పుడొక మ్యూజియం ఉంది. అందులో ఒక గదికి "రేవు యుద్ధం" అని పేరు. శత్రునౌకని ఒకే ఒక్క గుండుతో తరిమేశారట. గుండు ముక్క ఉంది. గాజుపెట్టెలో ఎండి నల్లబడిన బంగాళాదుంప ఒకటుంది, కింద "శత్రునౌకలోని ఆహారం" అని రాసిపెట్టారు. గోడమీద "ఆనాడు కాపలా కాసిన వీరుడి పేరు తెలియదు" అని ఉందట. మీ అమ్మాయి అక్కడే నిలబడి, ఆయన మా నాన్న అని చెప్పేసింది. వచ్చే నెల మీకు సన్మానం. నేను ఆ దండులో పనిచేశానని మావాడు చెప్తే నన్నూ పిలిచారు.

నేను వెంటనే నగరాధ్యక్షుడికి ఉత్తరం రాశాను. యుద్ధం కాదు, పడవ. తప్పు నాది, కాపలావాడిది కాదు అని అంతా విడమర్చి రాశాను. ఆయన జవాబు వచ్చింది. నా వినయం ఆయన్ని కదిలించిందట. నిజమైన సైనికులంతా ఇలాగే మాట్లాడతారట. పైగా కరపత్రాలు అచ్చైపోయాయి కాబట్టి చరిత్రని ఈ ఏడాదికి మార్చడం కుదరదట.

నేను వెళ్ళడం లేదు. మీరున్న వేదిక మీద నిలబడే మొహం నాకు లేదు. మీరు మాత్రం వెళ్ళండి. వెళ్ళి, నా గురించి చెప్పదలుచుకున్నది మైకులో చెప్పండి. జూన్ ఉత్తరం కావాలంటే అక్కడ చదవండి.

మీ బావ

*

సెప్టెంబరు 14

బావగారికి,

ఈ ఉత్తరం ఆ ఊరినుంచి రాస్తున్నాను. మూడువారాలుగా ఇక్కడే ఉన్నాను. మా ఆవిడ దుప్పట్లు ఎండబెట్టే ప్రయత్నంలో ఉంది.

ముందు మీకు తెలియనిది చెప్తాను. నన్ను కొట్లోంచి వదిలేటప్పుడు మిలిటరీ డాక్టరు నా కాగితాల్లో ఒక వాక్యం రాశాడు: "దూరపు చూపు నమ్మదగినది కాదు." నాకు రైలింజను నడపాలని ఉండేది. మా మేనమామ రైల్వేలోనే ఉండేవాడు, పరీక్షకి పేరు కూడా పంపాడు. నేను వెళ్ళలేదు. పడవకీ యుద్ధనౌకకీ తేడా తెలియనివాడి వెనక పది పెట్టెలనిండా మనుషుల్ని ఎలా కూర్చోబెడతారు? పార్సిళ్ళు తూచే ఉద్యోగంలో చేరాను. తూనిక ముల్లు దగ్గరగా ఉంటుంది.

మీ జూన్ ఉత్తరం చేరిన మర్నాడు కళ్ళద్దాల షాపుకి వెళ్ళాను. గోడమీది అక్షరాల పలక చదవమన్నాడు. ఆఖరి వరస చదివాను. దాని కింద పలక అచ్చువేసినవాడి చిరునామా చిన్న అక్షరాల్లో ఉంటే అదీ చదివాను. ఈ వయసుకి ఇలాంటి దూరపు చూపు తను చూడలేదన్నాడు. నేను బయటికొచ్చి షాపు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. అందుకే మీకు రాయలేదు. రాస్తే ఏం రాసేవాణ్ణో నాకే తెలియదు.

సన్మానానికి మా అమ్మాయి కోసం వచ్చాను. మీ ఉత్తరం కోటు లోపలి జేబులో ఉంది. చదవాలనే పెట్టుకున్నాను. హాల్లో మూడువందలమంది. ఛాతీకి అడ్డంగా నాకొక రంగు పట్టీ తగిలించారు. మీ చీటీ సంగతీ, మీ పేరూ తప్ప అన్నీ చెప్పాను. అది పడవ అన్నాను, మంచులో పొరపాటు పడ్డాను అన్నాను, మేం పేల్చింది మన స్నానాల గదినే అన్నాను. చమత్కారం అనుకుని నవ్వారు. నగరాధ్యక్షుడు లేచి, ఇంత పెద్దమనసు ఈ రోజుల్లో ఎక్కడ చూస్తామని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నా చేత గాజుపెట్టె పక్కన ఫోటో తీయించారు. ఈ ఊరికి ఆ యుద్ధం కావాలి. చేపల పిండి మర మూతపడ్డాక ఇక్కడ చూడ్డానికి ఇంకేం మిగల్లేదు.

నమ్మింది ఒక్క మా అమ్మాయే. ఇంటికొచ్చాక నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నాన్నా, నువ్వు వేదిక మీద చెప్పింది నిజమే కదూ?"

అవునన్నాను.

"మరి మెడల్?"

బంగాళాదుంపల దండ అన్నాను. ఎన్ని అని అడిగింది. ఇరవై అన్నాను. అది ఏడవలేదు. నేననుకున్నట్టు మిగతా కథల గురించి కూడా అడగలేదు. నా చెయ్యి పట్టుకుంది. అల్లుడు వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు.

"ఎవరు గుచ్చారు ఆ దండ?" అంది.

మీ ఉత్తరం ఇంకా జేబులోనే ఉంది. చెయ్యి పెట్టి తియ్యడమే తరువాయి. నలభయ్యొక్క ఏళ్ళుగా ఎవరైనా ఈ ప్రశ్న అడుగుతారని ఎదురుచూశాను బావగారూ. అడిగిన మనిషి మిమ్మల్ని మామయ్యా అని పిలిచే మనిషి అవుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"గుర్తులేదమ్మా, ఎవరో గుమాస్తా" అన్నాను.

ఈ ఊరి గురించి దానికి నేను చాలా అబద్ధాలు చెప్పాను. వాటిలో ఇంకొకరికి పనికొచ్చింది ఇదొక్కటే. మీరు కూడా చెప్పకండి. మీ సిగ్గు తీర్చుకోవడానికి ఆ పిల్లని వాడుకోకండి. చెప్పుకోవాల్సినవి ఉంటే నాకు చెప్పండి.

అందుకే రాస్తున్నాను. అక్టోబరు మొదటివారంలో ఇక్కడికి రండి. చెల్లెమ్మని తీసుకురండి, మందపు కోటు తెచ్చుకోండి. వాటాలో రెండో గది ఖాళీగా ఉంది. కిటికీ సందుల్లో అల్లుడు పాత గుడ్డలు కుక్కాడు, ఫరవాలేదు. మొదటి రెండు రోజులు నేను మీతో మాట్లాడను. ముందే చెప్తున్నాను, అప్పుడు నొచ్చుకోవద్దు. పిల్లలకి మోకాలి నొప్పి అని చెప్తాను.

మూడో రోజు మనిద్దరమే రేవు మీదికి వెళ్దాం. అక్కడ ఈ మీరులూ గారులూ నా వల్ల కాదు. నీతో నేను అనాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో ఒక్కదానికి కూడా గారు అతకదు. నువ్వు నోరెత్తకుండా వినాలి. విన్నాక ఏదైనా ఉంటే నువ్వూ అను.

బయల్దేరు.

నీ బావ